తెల్లమన్ను

"మేకల్ని అవతలికి తోలప్పా. మన్ను పాడైపోతాది."

గుంతలోంచి తలెత్తి దామోదరం అరిచాడు.

గట్టు మీది ముసలాయన మేకల్ని మళ్లించుకున్నాడు.

పూతలపట్టు దగ్గర ఆ బీడులో తెల్లమన్ను ఉందని దామోదరం కనిపెట్టి నాలుగేళ్లయింది. మద్రాసులో పింగాణీ పని నేర్చుకుని వచ్చి, పక్కనే బట్టీ కట్టుకున్నాడు. ఎవరూ దున్నని నేల కదా, సర్కారుదే అనుకుని తవ్వుకున్నాడు. యుద్ధం వచ్చి ఓడల్లో దిగే సీమ సరుకు ఆగిపోయాక అతని జాడీలకు, గిన్నెలకు చిత్తూరులోనూ తిరుపతిలోనూ గిరాకీ పెరిగింది. తన చేతి మీద అతనికి ఎంత నమ్మకమంటే, బట్టీ తెరవకముందే లోపలి రంగు చెప్పేవాడు.

ముసలాయన పేరు చిన్నబ్బ. ఏ ఊరో, ఎవరి మనిషో దామోదరం ఎన్నడూ అడగలేదు. ఆయన రోజూ వచ్చి గట్టు మీద కూర్చుని చూసేవాడు.

ఒకనాడు బట్టీ దాకా వచ్చాడు. అప్పుడే తీసిన గిన్నె ఒకటి లేత వేపాకు రంగులో మెరుస్తోంది.

"ఈ తీరు యాడ నేర్చినావప్పా?"

"చీనావాళ్లు వెయ్యేండ్ల కిందట చేసినారు. మద్రాసు మ్యూజియంలో చూసినా. ఆకారం వాళ్లది. పూత జపానోళ్ల పద్ధతి. పనితనం నాది."

"మరి మన్ను?"

దామోదరం నవ్వాడు.

"మన్నుదేముండాది? అంతా చేతిలోనే ఉండాది."

"అదీ నిజమే" అంటూ చిన్నబ్బ గిన్నె వైపు చెయ్యి చాచాడు.

"ముట్టుకోవద్దు. మద్రాసు ప్రదర్శనకు పోయేది."

చాచిన చెయ్యి వెనక్కి పోయింది.

"పోయిరాప్పా. పేరొస్తాది."

పేరు వచ్చింది. మొదటి బహుమతి ఆ గిన్నెకే. పత్రికలో బొమ్మ కూడా పడింది.

నెల తర్వాత తిరిగొచ్చిన దామోదరం ఆ ఊపులోనే గుంతలోకి దిగాడు. గట్టు మీద ముసలాయన లేడు. మర్నాడూ రాలేదు. ఎందుకో, ఆయనకు ఆ పత్రిక చూపించాలనిపించింది.

మూడోనాడు ఒక నడివయసు ఆడమనిషి వచ్చి గట్టు మీద నిలబడింది.

"వాన పడింది సామీ. శెనక్కాయ ఎయ్యాల. మీకు మన్ను సాలునా, ఇంకా కావాల్నా?"

"ఈడ శెనక్కాయ ఏసేదానికి నువ్వెవరమ్మా?"

"చెంగమ్మని. చిన్నబ్బ కూతుర్ని."

"మీ నాయన యాడ?"

"పోయి పదైదు దినాలాయ."

దామోదరం పార నేలకు ఆనించాడు.

"నన్ను ఎప్పుడూ ఏమీ అడగలేదమ్మా పెద్దాయన."

"అడగడు సామీ. ఇంటిల్లిపాదీ గంజి తాగతా ఉన్నా ఈ చేన్లో మడక కట్టి దున్ననీలే. ఇది మన పట్టానేలని తెలిస్తే ఆ పిల్లోడు సిగ్గుపడి తవ్వేది మానేస్తాడు, చెప్పొద్దండి అనేవాడు."