చావింట్లో అనకూడని మాట

నౌకాదళం వారి ఆ చిన్న తెరచాప ఓడ పేరు ‘హంసిని’. కొత్త నావికులకు గాలినీ అలలనూ నేర్పడానికి కట్టారు. ఎన్నో తుపాన్లు దాటి ఒడ్డు చేరింది. రెండేళ్ల కిందట నడిసముద్రంలో మాయమైంది. తెరచాప పీలిక కూడా దొరకలేదు. అందులో మా అన్న జయకుమార్ ఉన్నాడు.

అమ్మ నమ్మలేదు. “బోర్లెండిన బేతంచెర్లలో పుట్టినోడు నీళ్లల్లో యాడ పోతాడే?” అనేది. ఒక్కసారి ఏడిస్తే తేరుకుంటుందని, నేనే బతిమాలి ఈ రాత్రి మా ఇంట్లో ఆదరణ కూడికకు, అంటే పోయినవాళ్ల కోసం చేసే ప్రార్థనకు, ఒప్పించాను.

ప్రార్థన ముగిసేసరికి కరెంటు పోయింది. చావింట్లో ‘పోయొస్తాం’ అనకూడదు. అందరూ మౌనంగా లేచి, చీకట్లో చెప్పులు వెతుక్కుని వెళ్లిపోయారు. చప్పుళ్లన్నీ ఆగాక వాకిట్లో ఒక మగగొంతు మెల్లగా పలికింది.

“పోయొస్తా మా.”

“ఎవడప్పా వాడు, బుద్ధి లేకుండా!” మాకు తోడుగా నా పక్కనే ఆగిన లేవి మామ టార్చి వేశాడు. వాకిట్లో ఎవరూ లేరు.

నేను తలుపు గడియ వేయబోయాను.

“వస్తా అన్న్యాడు గదే,” అంది అమ్మ.

గడియ మీది నుంచి నా చెయ్యి దానంతటదే జారింది.