రెండూ ఒకే సైజువి

"ఇరుక్కునిందిమా!" కుప్పం ల్యాబ్ నుంచి జెమీమా ఫోన్లో అరిచింది. "మన నేలవేము ఆకులో ఉండే పదార్థం బోదకాలు పురుగు ప్రోటీన్‌లో తాళంలో తాళంచెవి మాదిరి పోయి ఇరుక్కునింది. కంప్యూటర్లో బాగా కనిపిస్తాండాది."

పుంగనూరులో మంచం మీదున్న వాళ్లమ్మ ఫ్లారెన్సమ్మ తన వాచిన కాలు చూసుకుంది.

"అయితే పురుగు సస్తాదా?"

"సస్తాది." అది మందు కావడానికి ఏళ్లు పడుతుందని జెమీమా చెప్పలేదు. అమ్మ కాల్లో పురుగు ఎప్పుడో చచ్చిందనీ, మిగిలిన వాపు ఏ మందుకూ పోదనీ అసలే చెప్పలేదు.

"వచ్చేటప్పుడు చెప్పులు తేమ్మా. రెండూ ఒకే సైజువి."

చర్చి గుమ్మం ముందర విడిచిన చెప్పుల్లో అమ్మవి ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. అది చూసి ఎవరో నవ్వినప్పటి నుంచి అమ్మ గడప దాటలేదు.

"ఏ సైజుమా?"

"నీ సైజే. నా కాలి సంగతి మదనపల్లి డాక్టరమ్మ నువ్వు ఈ మందుల చదువులో చేరకముందే చెప్పింది. నీ ఆశ సూసి నాకే నోరు రాలేదు. ఆ చెప్పులేసుకోని నాలుగూర్లు తిరుగు తల్లీ. ఈ కాలి కాడ ఇరుక్కునేదానికి నేనొకదాన్ని చాలనా?"