పైడమ్మ పెరటి మాచిపత్రి

ఆ ఉదయం ఆకాశం తెరిపి ఇవ్వలేదు. సముద్రం మీంచి వచ్చిన మబ్బు కొబ్బరి మట్టల మీదికి దిగి, కురవాలా వద్దా అన్నట్టు తుంపర రాలుస్తోంది.

త్రినాథ్ మేనత్త పెరటి దడి బయటే ఆగాడు. కాళ్ళకు చెప్పుల్లేవు. తల తడిసి ఉంది.

పైడమ్మ అతన్ని చూసి కూడా పొయ్యి దగ్గర నుంచి లేవలేదు.

"ఏటి?" అంది చివరికి.

"మాచిపత్రి కావాల అత్తా."

"మీ పెరట్లో లేదేటి?"

లేదని ఆమెకూ తెలుసు. తమ్ముడు గున్నయ్యకు కిడ్నీలు పాడయ్యాక, పైడమ్మ రోజూ వాళ్ళింటికి వెళ్ళి, పెరట్లో మాచిపత్రి కోసి, రసం తీసి చాటుగా పట్టేది. ఆకు పసర్లు తాగొద్దని పలాసలో డయాలసిస్ డాక్టరు చెప్పాడు. కొడుకు త్రినాథ్ ఆ మొక్కను వేళ్ళతో సహా పీకి దడి అవతల పారేశాడు. "మా అయ్యకి ఇసం పెడతన్నావు, మా గడప తొక్కకు" అని మేనత్తను నలుగురి ముందూ అన్నాడు. ఆమె మళ్ళీ తొక్కలేదు.

"నిన్న వాకిట్లో నిలబడి సూసి ఎల్లిపోనావు. లోపలికి రాలేదేటత్తా?"

"రమ్మన్నావా?"

అతను తల దించుకున్నాడు.

"ఇసం పెట్టిందాన్ని గదా. మళ్ళీ నా ఆకే కావాల్సొచ్చిందేటి, అల్లుడా?"

"నువ్వు తెత్తేనే. అయ్యకి తోడబుట్టిందానివి నువ్వొక్కదానివే. ఇంకెవురు తెచ్చినా అమ్మ ముట్టదు."

పైడమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. పొయ్యిలో తడికట్టెలు పొగచిమ్ముతున్నాయి. లేచి, నూతి పక్కనున్న మొక్క దగ్గరికి నడిచింది.

"లోపలికి రా. తడిసిపోతన్నావు."

"వొద్దత్తా. ఇక్కడే ఉంటాను."

"ఎంత కావాలో నువ్వే కోసుకో మరి."

"నాను ముట్టుకోకూడదు. నువ్వే కొయ్యి."

ఆమె వంగి ఒక్కొక్క రెమ్మే గిల్లింది. ఘాటు వాసన దడి దాకా వచ్చింది.

"సూసినావా, నువ్వు పీకి పారేసిన యేరే ఇది. తెచ్చి పాతినాను. ఇది బతికింది."

త్రినాథ్ ఆ మొక్కనే చూస్తూ ఉండిపోయాడు.

"పిల్లల కడుపులో పురుగులకి ఇదే. జలుబుకి నుదుటి మీద పట్టు ఇదే. నిద్ర పట్టనోళ్ళ తలగడ కింద ఇదే పెట్టీవోళ్ళం. సిన్నప్పుడు మా అమ్మ దీని రసం తేనెలో రంగరించి మీ అయ్యకి నాకిత్తే, నా పావడా మీదే ఉమ్మీసీవోడు." నవ్వబోయి ఆగిపోయింది. "నిజం సెప్పరా. నా ఆకు వల్లేనా?"

"తెలీదత్తా. డాక్టర్నడిగినాను. మీ ఊళ్ళల్లో ఆకు తాగనోళ్ళకీ ఇదే జబ్బు గదా అన్నాడు."

"మరి నన్నెందుకన్నావు?"

"ఎవుర్నో ఒకర్ని అనాల గదా."

తుంపర ఆగింది. పైడమ్మ రెమ్మల్ని కొంగులో మూట కట్టుకుంది.

"ఎల్లు. పొయ్యి ముట్టించొద్దని మీ అమ్మకి సెప్పు. నానే వొండి తెత్తాను."

మధ్యాహ్నానికి గిన్నె నెత్తిన పెట్టుకొని ఆమె ఆ గడప దాటింది. ఆసుపత్రి కాగితాల సంచి మేకుకు వేలాడుతోంది. గున్నయ్య మంచం గోడకు నిలబెట్టి ఉంది.

"వొచ్చినావా వొదినా" అని మాత్రం అంది త్రినాథ్ తల్లి ధనలక్ష్మి.

విస్తళ్ళు వేసుకుని తల్లీ కొడుకూ కింద కూర్చున్నారు. పైడమ్మ ఆకు నూరి కలిపిన అన్నాన్ని ముద్దలు చేసి ఇద్దరికీ పెట్టి, తనూ వాళ్ళ పక్కనే కూర్చుంది. త్రినాథ్ ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. గొంతు దిగనంత చేదు. ఉమ్మలేదు. ధనలక్ష్మి కళ్ళు మూసుకుని మింగింది.

చావింట్లో మొదటి ముద్ద ఆడపడుచు తెచ్చే చేదే.