పుత్తూరు కట్టు

"అరువబ్బా! యాడ నొప్పో నాకు తెలియాల గదా," అన్నాడు పుత్తూరులో ఎముకలకు కట్లు కట్టే పెద్దాయన.

బావి మెట్ల మీద జారి చెయ్యి విరగ్గొట్టుకున్న గోవిందస్వామికి ఒళ్లంతా చెమట. మూలుగు మాత్రం లేదు.

"ఆయప్ప అరవడు సామీ," అనింది భార్య సుబ్బులమ్మ. "మిలిట్రీలో చేసొచ్చిన మనిషి. జొరమొచ్చి బిడ్డ పోతే, పాడె లేసినపుడు గూడా నోరు తెరవలే. అది గుండె కాదు, బండ."

గోవిందస్వామి తల వంచుకున్నాడు.

"బర్మా అడవిలో మన పాకాల ధనంజయకు కడుపులో గుండు తగిలిండె," అన్నాడు మెల్లగా. "ఇద్దరం పొదలో దాక్కోనుంటిమి. జపానోళ్లు పక్కనే పోతాండిరి. వాడు అరవబోతే నేనే నోరు మూసి పట్టుకున్నా."

"ఆమేన ఏమాయె?" అనింది సుబ్బులమ్మ.

"వాళ్లు పోయినాక చెయ్యి తీసినాను. వానికి ఊపిరి లేదు. గుండు తగిలి పోయినాడో, నా చేత్తోనే పోయినాడో, ఇప్పటికీ తెలీదు. అప్పటినుంచి ఏడుపొస్తే గొంతు దాకా వస్తాది, ఆడే ఆగిపోతాది. బిడ్డ పోయిన పొద్దూ అంతే."

ఇన్నేళ్ల కాపురంలో ఆయన ఈ మాట ఎప్పుడూ చెప్పలేదు.

పెద్దాయన గోవిందస్వామి చెయ్యి పట్టుకున్నాడు. "లాగతాండా. ఓర్చుకోవద్దు, అరువు."

సుబ్బులమ్మ భర్త వెనక కూర్చుని, ఆయన వీపును తన గుండెకు ఆనించుకుంది.

"అరవమనొద్దు సామీ. నేను పట్టుకుంటా, లాగండి."

ఎముక కటుక్కుమంది. గోవిందస్వామి అరవలేదు. ఆ ఒళ్లు ఎంతగా వణికిందో సుబ్బులమ్మకు మొదటిసారి తెలిసింది.