ఇంటి దొంగ గుర్తు

తెల్లారేసరికి ఐరాల మీద నల్లమబ్బు కమ్మింది. కురుస్తుందని కల్లంలో శెనక్కాయలు కప్పుకున్న వాళ్లందరినీ వెక్కిరించి, ఒక్క చినుకూ రాల్చకుండా కాణిపాకం వైపు వెళ్లిపోయింది. అప్పుడే మునిరత్నం వంటింటి గూట్లో ఉన్న డబ్బా మూత తీశాడు. శెనక్కాయ ఉండలు మళ్లీ తగ్గాయి.

అవి అతని భార్య జ్ఞానాంబ కోసం పక్కింటి గురవమ్మ బెల్లంపాకం పట్టి చేసిచ్చినవి. జ్ఞానాంబకు రొమ్ములో గడ్డ. తిరుపతిలో సూదిమందు నడుస్తోంది. పోయినసారి తూకం చూసి డాక్టరమ్మ లోహిత మొహం చిట్లించింది. ఇంకా చిక్కిపోతే సూది వాయిదా వేయాల్సి వస్తుందని చెప్పింది. ఆ మాట విన్నప్పటి నుంచి మునిరత్నానికి కంటి మీద కునుకు లేదు. జ్ఞానాంబ చూస్తే రెండు ముద్దలు కతికి కంచం పక్కకు నెడుతుంది. ఉండ చేతిలో పెట్టినా, "నోరంతా సేదుగా ఉండాది, డబ్బాలో ఎయ్యి" అంటుంది.

అలాంటి మనిషి నోటికాడి తిండిని ఎవడో కాజేస్తున్నాడు.

ఎవడో అని ఊరంతా వెతకాల్సిన పని లేదు. ఇంట్లో ఉన్నది ముగ్గురు. మూడోవాడు దొరస్వామి, జ్ఞానాంబ తమ్ముడు. అక్కకు తోడుగా ఉంటానని నాయుడుపేట నుంచి వచ్చాడు. కూటికి పిలిస్తే కడుపు నిండుగా ఉందంటాడు. పొట్ట మాత్రం బస్సు దిగిన రోజు ఎలా ఉందో అలాగే ఉంది.

"రోగిష్టిదాని కూడు తినేవాడు మనిసేనా అబ్బా?" అన్నాడు మునిరత్నం, డబ్బా చంకన పెట్టుకుని.

"నన్ను సూసి అంటాండావా బావా?"

"డబ్బాను సూసి అంటాండా."

"అట్లయితే డబ్బానే అడుగు."

"మా ఇంట్లో సంగటి ముట్టవు. ఆ పొట్ట గాలితో నిండతాండాదా?"

"అక్కను ఈ మాదిరి సూస్తా ఉంటే ముద్ద దిగడంలేదు బావా" అని, అప్పుడే గురవమ్మ ఇంట్లోంచి వచ్చిన దొరస్వామి తువ్వాలుతో మూతి తుడుచుకున్నాడు. ఏమీ తినని మూతిని తుడుచుకోవడం ఎందుకో మునిరత్నానికి అర్థం కాలేదు.

దొంగను పట్టే ఉపాయం అతనికి డాక్టరమ్మ మాటల్లోనే దొరికింది. ఈ మందు ఏం చేస్తుందని అడిగినప్పుడు ఆమె ఓపికగా చెప్పింది.

"ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు కదా, ఈ గడ్డా అంతే. బయట నుంచి వచ్చిన క్రిమి కాదు, మన ఒంట్లో పుట్టిన కణమే. అందుకే ఒంట్లోని కాపలావాళ్లు చూసీ చూడనట్టు వదిలేస్తారు. అయితే దాని పైన ఒక గుర్తు, మామూలు కణాల మీద కంటే బాగా ఎక్కువగా ఉంటుంది. యాంటిజెన్ అంటాం. మందు పోయి ఆ గుర్తుకు అతుక్కుంటుంది. అప్పుడు కాపలావాళ్లకు దొంగ ఎవరో తెలిసిపోతుంది."

"అందరి గడ్డలకూ ఆ గుర్తుంటాదా అమ్మా?"

"ఉండదు. మీ ఆమె గడ్డకు ఉంది. అంతవరకు మనకు మేలే."

గుర్తు లేని దొంగకు మనమే గుర్తు పెట్టాలని మునిరత్నం తీర్మానించుకున్నాడు. డబ్బా మూత పసుపుపచ్చది. ఇంత పసుపు నూనెలో కలిపి దాని అంచంతా రుద్దాడు. చేతికి పసుపు అంటితే ఏ ఇంట్లోనూ ఎవరూ పట్టించుకోరు. అదే చేతికి బట్టల సబ్బు తగిలిందా, పసుపు కాస్తా ఎర్రగా మారిపోతుంది. రోగి దగ్గర మసిలేవాళ్లు సబ్బుతో చేతులు కడగాలని ఆస్పత్రిలో ముందే చెప్పి ఉన్నారు. నీళ్ల గాబు గట్టు మీద ఒంటిసబ్బు తీసేసి బట్టల సబ్బు పెట్టాడు.

తర్వాత సంగటి కెలకడానికి కూర్చున్నాడు. జ్ఞానాంబ మంచం పట్టినప్పటి నుంచి వంట అతనిదే. అంతకు ముందు పొయ్యి మొహం చూసినవాడు కాదు. ఆమెకు పెట్టి, ఎదురుగా గొంతుక్కూర్చొని మొహంలోకి చూస్తూ ఉంటాడు. ఆమె కంచం నెట్టేస్తే అతనికీ తినబుద్ధి పుట్టదు. మిగిలింది ఎనుము కుడితిలో పోసి, బస్టాండు దగ్గర టీ తాగి బన్ను తిని వస్తాడు. ఇన్నాళ్లూ అదే వరస.

మధ్యాహ్నానికి మూత పక్కకు జరిగి ఉంది. మునిరత్నం లోపలే నవ్వుకుని, దొరస్వామిని రెక్క పట్టుకుని గాబు దగ్గరికి తీసుకుపోయాడు. "ఈపొద్దు నువ్వు తినకుంటే నేను ఒప్పుకోనప్పా" అంటూ చెంబుతో నీళ్లు పోశాడు. కళ్లు మాత్రం ఆ చేతుల మీదే ఉన్నాయి.

దొరస్వామి రుద్దాడు. నురగ తెల్లగా వచ్చింది.

"ఇంగోసారి రుద్దు."

"తోలు ఊడిపోతాది బావా."

రెండోసారీ తెల్లగానే వచ్చింది. మునిరత్నం మొహం వాడిపోయింది.

వెనకాలే జ్ఞానాంబ వచ్చి సబ్బు అందుకుంది. అతను పరధ్యానంగా నీళ్లు పోశాడు. ఆమె వేళ్ల సందుల్లోంచి నురగ కుంకుమ కలిపినట్టు ఎర్రగా కారింది.

మునిరత్నం చెంబు గట్టు మీద పెట్టాడు.

"ఆకలి లేదంటివే" అన్నాడు మునిరత్నం.

"ఉండాది" అంది జ్ఞానాంబ, తల వంచుకుని. "శానా ఉండాది."

దొరస్వామి దండెం మీది బట్టల వైపు తిరిగాడు.

ఆకలి ఉన్న మనిషి, తనకోసం చేసిన ఉండను దొంగచాటుగా తినడమేమిటో మునిరత్నానికి అంతుపట్టలేదు. అయినా ఆ మాటే చాలనుకున్నాడు. డబ్బా తెచ్చి ఆమె ముందు పెట్టాడు. అతను చూస్తుండగానే ఆమె రెండు ఉండలు తింది. ఎన్నాళ్లకో అతనికీ ఆకలేసింది. ముగ్గురికీ సంగటి పెట్టి తనూ కూర్చున్నాడు.

మునిరత్నం తాను కెలికిన సంగటి మొట్టమొదటిసారి నోట్లో పెట్టుకున్నాడు. లోపల పచ్చిపిండి, పైన మాడు. మింగలేక కక్కలేక పెళ్లాం వైపు చూసి, బామ్మర్ది వైపు చూసి, తానూ డబ్బాలో చెయ్యి పెట్టాడు.