మసక గ్రహణం

"సంతకం పెట్టండి రఘునందన్ గారూ. బిడ్డ గుండె కొట్టుకోవడం తగ్గిపోతోంది. ఆపరేషన్ ఇప్పుడే చెయ్యాలి," అంది డాక్టర్ రెబెకా, కాగితం అతని చేతిలో పెడుతూ.

రఘునందన్ గోడ గడియారం చూశాడు. పన్నెండుంపావు. బందరు ఎండ కిటికీలోంచి వరండా సగం దాకా వచ్చేసింది.

"మూడు దాకా ఆగలేమా మేడమ్? ఈవేళ హోలీ పున్నమి, చంద్రగ్రహణం. మూడింటికి విడుస్తుంది."

"మూడు దాకా బిడ్డ ఆగదండీ."

తల్లి కామేశ్వరి అతని భుజం పట్టుకుంది. గుడివాడలో ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పి రిటైరైన మనిషి.

"పట్టపగలు చంద్రుడెక్కడున్నాడురా? ఇది భూమి అసలు నీడ కూడా కాదు, దాని అంచున ఉండే మసక. పంచాంగంలో కూడా వెయ్యలేదు. పెట్టు సంతకం."

"గ్రహణంలో పుడితే గండమని ఫోన్లో అందరూ చెప్తున్నారమ్మా. ఎనిమిదేళ్ళకి నిలిచిన కడుపు. ఏమైనా అయితే?"

పెన్ను మూత తీసి మళ్ళీ పెట్టాడు.

స్ట్రెచర్ మీద భార్య ఉమాశ్రీ తల తిప్పింది. పెదాలు ఎండిపోయి ఉన్నాయి.

"ఏవండీ, పొద్దుటి నుంచి బిడ్డ కదలట్లేదు."

అతను మళ్ళీ గడియారం వంక చూశాడు. ఆమె చెయ్యి చాపింది.

"పెన్ను ఇటివ్వండి."

పడుకునే సంతకం చేసింది. స్ట్రెచర్ లోపలికి వెళ్ళింది. తలుపు మూసుకుంది.

రఘునందన్ గోడకి ఆనుకుని నిలబడ్డాడు. కామేశ్వరి బెంచీ మీద కూర్చుని, కొంగు మెలిపెడుతూ ఆ తలుపు వంకే చూస్తోంది.

కాసేపటికి లోపల సన్నగా ఏడుపు. ఆ వెంటనే గట్టిగా.

నర్సు తలుపు తీసింది. "ఆడపిల్లండీ. రెండు కేజీల ఎనిమిది వందలు. తల్లి కూడా బాగుంది."

నర్సు చేతుల్లో పాప పది వేళ్ళూ విప్పుకుని నోరంతా తెరిచి ఏడుస్తోంది. రఘునందన్ ఉన్నచోటే చతికిలబడ్డాడు. ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో అతనికే తెలీలేదు. కామేశ్వరి లేచొచ్చి పాపని అందుకుంది.

నర్సు రిజిస్టరు తెరిచింది. "పుట్టిన టైము పన్నెండూ నలభై మూడు..."

రఘునందన్ గబుక్కున లేచాడు. గొంతు తగ్గించి, "సిస్టర్, మూడూ అయిదని రాయండి. ప్లీజ్. రేపు పిల్లని ఎవరూ ఒక మాట అనకూడదు," అన్నాడు.

"అలా రాయకమ్మా!" కామేశ్వరి అడ్డం వచ్చింది. కొడుకు వైపు తిరిగింది.

"ఏ గ్రహణమైనా పద్ధెనిమిదేళ్ళ పదకొండు రోజులకి మళ్ళీ తిరిగొస్తుందిరా రఘూ. ఇదే గ్రహణం రెండు చుట్ల కిందట, అంటే ముప్పై ఆరేళ్ళ కిందట, రాత్రిపూట పట్టింది. ఆ రాత్రి మీ నాన్నగారికి భయపడి, టైము మార్చి రాయమని నేనూ ఇలాగే ఓ నర్సుని బతిమాలాను. నువ్వు పుట్టింది అందులోనే!"