చల్లటి మాతే

ఎవరిస్తో గాడు ఇవాళ కూడా నాకు చల్లటి మాతే ఇచ్చాడు. మాతే అంటే వేణ్ణీళ్ళు పోసుకుని తాగే ఆకు టీ. మా రొసారియో ఊళ్ళో చల్లారిన నీళ్ళతో దాన్ని పోసిచ్చారంటే, నువ్వంటే నాకు లెక్కే లేదని మొహం మీద అన్నట్టే.

లెక్కెందుకుంటుంది? మా రాక్ బ్యాండ్‌లో పాటలు రాసేది వాడే. డ్రమ్స్, బాస్, పియానో వాడే. ఆల్బం ప్రొడ్యూసరూ వాడే. నాకు మిగిలింది ఒక్క గిటార్.

కొత్త పాట వినిపించాడు. మధ్యలో గిటార్ ఒక్కటే ఏడుస్తున్నట్టూ, తిడుతున్నట్టూ మోగింది.

"గిటార్ కూడా లాక్కున్నావన్నమాట!" అంటూ మాతే తాగే సొరబుర్ర తిరిగిచ్చేసి, "థాంక్స్," అన్నాను. మాతే దగ్గర థాంక్స్ అంటే ఇక నాకు పొయ్యొద్దని. ఆ మాట బ్యాండ్‌కి కూడా చెబుతున్నానని వాడికి అర్థమైంది.

"ఒరేయ్ లిసాండ్రో, చెవుల్లో ఏం పెట్టుకున్నావురా? అది వాయించింది నువ్వే!"

"నేనా? ఎప్పుడు?"

"పోయిన వారం. శ్రుతి చేసుకుంటూ, నన్ను నోటికొచ్చినట్టు తిడుతూ వాయించావు. నేను రికార్డింగ్ ఆపలేదు. దాని చుట్టూనే పాట కట్టాను."

"అప్పుడే చెప్పొచ్చుగా?"

వాడు కెటిల్ వైపు చూశాడు.

"చెప్పకుండా నేనే వాయించేద్దామనుకున్నా. అప్పట్నుంచీ తంటాలు పడుతూనే ఉన్నా, నీలా రాలేదు. నీకు చల్లటి మాతే ఊరికే ఇస్తున్నాననుకున్నావా? కుళ్ళురా, కుళ్ళు!"

నీళ్ళు కాచడానికి లేవబోయాడు.

"కూర్చోరా," అంటూ చెయ్యి చాచాను. "ఇంకోటి పోసివ్వు. చల్లగానే."